నలుపు రాసే వెలుగు

లేజర్ ప్రింటు మసకగా వస్తే మనవాళ్లు ముందు టోనర్‌ని తిడతారు, బాగా వస్తే కాగితాన్ని మెచ్చుకుంటారు. నిజానికి అక్షరం అక్షరంలా రావడం వెలుగు చేసే పని. టోనర్ దాని వెనక నడిచే బంటు. డ్రమ్ము అంటే అల్యూమినియం గొట్టం మీద వెలుగు తగిలితేనే విద్యుత్తును పోనిచ్చే పల్చటి పూత. చీకట్లో దాని ఒంటినిండా సుమారు 600 వోల్టుల ఋణావేశం ఎక్కిస్తారు. లేజర్ చుక్క తగిలిన చోటల్లా ఆ ఆవేశం చల్లారిపోతుంది. టోనర్ పొడిదీ ఋణావేశమే కనుక మిగతా చోట్ల నుంచి గెంటించుకుని, చల్లారిన చోటే అంటుకుంటుంది. అంటే వెలుగు పడిన చోటే నలుపు! పాత జిరాక్స్ మిషన్ పద్ధతి దీనికి తలకిందులు: తెల్లకాగితం మీంచి వచ్చే వెలుగు చుట్టుపక్కలంతా చెరిపేస్తే, మిగిలిపోయిన చీకటే అక్షరం. 1938 అక్టోబరు 22న న్యూయార్క్ ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన జింకు పలక మీద తీసిన తొలి బొమ్మదీ ఆ దారే.

ఈ పద్ధతిలోకి లేజర్‌ని తెచ్చిన ఘనుడు గ్యారీ స్టార్క్‌వెదర్. జిరాక్స్ కంపెనీలో పైవాళ్లు వద్దన్నా వినక, 1971లో పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి మారి లేజర్ ప్రింటర్ సాధించాడు. గిర్రున తిరిగే పలకల అద్దం లేజర్ కిరణాన్ని డ్రమ్ము ఈ కొస నుంచి ఆ కొసకు ఊడుస్తుంది. ఒక్కో పలక ఒక్కో వరుస. అంగుళానికి 600 చుక్కల నాణ్యతలో ఏ4 వెడల్పుకు దాదాపు 4,960 చుక్కలు, పేజీ మొత్తానికి మూడున్నర కోట్లు. పలక వెంట్రుకవాసి వాలినా వరుసలు ఎగుడుదిగుడవుతాయి. అంత కచ్చితంగా అద్దం చెక్కించాలంటే ఖర్చు మోయలేం. ఆయన ఒక స్తూపాకార కటకం అడ్డుపెట్టి, అద్దం వాలినా కిరణం తన వరుసకే చేరేలా చేశాడు. ఇంత చవకైన గాజుముక్కతో ఇంత పెద్ద చిక్కు విప్పడం ఎందరికి సాధ్యం? ఎల్ఈడీ ప్రింటర్లలో తిరిగే అద్దమే లేదు, అదే మేలంటారు. కదిలే భాగం తగ్గిన మాట నిజమే. అయితే అక్కడ వేల దీపాలు సమానంగా వెలగాలి. ఒకటి మందగిస్తే పేజీ పొడవునా గీత. నా ఓటు ఒకే కిరణానికి.

మండిపోయేది మన దుకాణాల పద్ధతి చూస్తేనే. అద్దం మీద దుమ్ము పడితే వెలుగు తగ్గి ప్రింటు వెలిసిపోతుంది. దానికి కొత్త టోనర్ అంటగడతారు. రీఫిల్ చేస్తూ డ్రమ్మును ట్యూబులైటు కింద కప్పకుండా పెడతారు. చవక డ్రమ్ముకు గీత పడిందంటే 24 మిల్లీమీటర్ల వ్యాసానికి ప్రతి 75 మిల్లీమీటర్లకూ అదే మచ్చ. బిల్లులకు ఇంతకంటే ఎందుకంటారా? తెలుగులో ద, ధ లకు తేడా కింద చిన్న గీటు. అది పోతే మాటే మారుతుంది. అందుకే రీఫిల్‌కి ఇచ్చేటప్పుడు డ్రమ్మును నల్లకవర్లో ఉంచమని, అద్దం తుడవమని గట్టిగా అడగండి.