ఆ అర ఎక్కడిది?

పరమాణు నిర్మాణం పాఠాన్ని నేను నిర్వచనంతో మొదలుపెట్టను. బోర్డు మీద కొన్ని మూలకాల పేర్లు, వాటి పక్కన పరమాణు ద్రవ్యరాశులు రాసి ఊరుకుంటాను. కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, సోడియం 23, క్లోరిన్ 35.5. కాసేపటికి ఎవరో ఒకరు లేస్తారు. "సార్, అన్నీ నిండు సంఖ్యలే గదా, క్లోరిన్‌కు ఆ అర ఎక్కడిది? సగం ప్రోటాన్ ఉంటుందా?" ఆ ప్రశ్న వచ్చాకే పాఠం మొదలైనట్టు నా లెక్క.

ఇది చిన్నపిల్లల ప్రశ్న అనుకోవడానికి లేదు. రసాయన శాస్త్రవేత్తలు దీంతో దాదాపు వందేళ్లు కుస్తీ పట్టారు. మూలకాల పరమాణు భారాలన్నీ హైడ్రోజన్ భారానికి గుణిజాలేనని, బహుశా హైడ్రోజనే అన్నిటికీ ముడిసరుకని 1815-16లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్ ఊహించాడు. చక్కటి ఊహ. దానికి క్లోరిన్ అడ్డం తిరిగింది. ఎవరు ఎంత జాగ్రత్తగా తూచినా దాని లెక్క 35.5 దగ్గరే తేలింది. చివరికి కేంబ్రిడ్జ్‌లో ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ తయారుచేశాడు. ఆవేశమున్న పరమాణువులను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా పంపితే, బరువును బట్టి ఒక్కో రకం ఫొటో ప్లేటు మీద ఒక్కో చోట గీతగా పడుతుంది. క్లోరిన్‌ను పంపినప్పుడు 35 దగ్గర ఒక గీత, 37 దగ్గర ఒక గీత కనిపించాయి. 35.5 దగ్గర ఏమీ లేదు. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు లోకంలో ఎక్కడా లేదు!

ఇక్కడిదాకా వచ్చాక సంచిలోంచి నాలుగు కాగితం పొట్లాలు తీసి బల్ల మీద పెడతాను. లోపల చింతగింజలు. ఒక్కో పొట్లం ఒక్కొక్కరి చేతికిచ్చి లెక్కపెట్టమంటాను. మూడింట్లో 35 చొప్పున, నాలుగో దాంట్లో 37 గింజలు ఉంటాయి. మొత్తం 142. నాలుగుతో భాగిస్తే 35.5. "మరి ముప్పై అయిదున్నర గింజలున్న పొట్లం ఏది?" అని అడుగుతాను. వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకొచ్చి మళ్లీ లెక్కపెడతారు. సగటుకూ, అసలు వస్తువుకూ ఉన్న తేడా వాళ్లకు అప్పుడు పట్టుబడుతుంది. క్లోరిన్‌లోని రెండు రకాల పాళ్లూ దాదాపు ఈ పొట్లాల్లాంటివే.

ఇక లోపలి సంగతి చెప్పడం తేలిక. రెండు రకాల క్లోరిన్‌లోనూ ప్రోటాన్లు 17. ఆ 17 ఉంది కాబట్టే అది క్లోరిన్. న్యూట్రాన్లు మాత్రం ఒకదానిలో 18, ఇంకోదానిలో 20. ఒకే మూలకంలోని ఇలాంటి రకాలనే ఐసోటోపులంటారు. న్యూట్రాన్‌ను జేమ్స్ చాడ్విక్ కనిపెట్టింది 1932లో. అంటే ఆస్టన్ గీతలు ముందు కనిపించాయి, వాటి కారణం ఆ తర్వాత దొరికింది. ప్రోటాన్లెన్నో బయట ఎలక్ట్రాన్లూ అన్నే. ఇతర మూలకాలతో కలిసేది, విడిపోయేది ఈ ఎలక్ట్రాన్ల ద్వారానే. అందుకే మన వంటింటి ఉప్పులో రెండు క్లోరిన్లూ ఉన్నా నాలుకకు ఒకే రుచి.

పుస్తకంలోని బొమ్మ గురించి కూడా పిల్లలకు ఉన్నమాట చెప్పాలి. నడుమ పెద్ద కేంద్రకం, పక్కనే వలయాల్లో ఎలక్ట్రాన్లు గీసి ఉంటాయి. నిజమైన కొలతల్లో గీస్తే, క్లోరిన్ కేంద్రకాన్ని బోర్డు మీద నాలుగు మిల్లీమీటర్ల చుక్కగా పెట్టినప్పుడు బయటి ఎలక్ట్రాన్లు దాదాపు 50 మీటర్ల అవతల ఉండాలి. మా బడిలో అయితే అది ప్రహరీగోడ అవతలికే పోతుంది. బరువంతా దాదాపు ఆ చుక్కలోనే ఉంది. అయినా పరమాణువు రసాయన ప్రవర్తనను నిర్ణయించేది ఎలక్ట్రాన్లే, ఆ బరువు దాన్ని పెద్దగా మార్చదు.

హైడ్రోజన్ దగ్గర మాత్రం ఈ మాట కొంచెం సడలుతుంది. ఒక్క ప్రోటాన్ ఉన్నచోట ఒక న్యూట్రాన్ చేరితే బరువు రెట్టింపవుతుంది. అదే డ్యుటీరియం. నీళ్లలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి ఇలాంటిది ఉంటుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న మణుగూరు భారజల కర్మాగారం పని దాన్ని ఏరడమే. నీళ్లను, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎత్తయిన గోపురాల్లో ఎదురెదురుగా పంపిస్తారు. చల్లగా ఉన్నప్పుడు డ్యుటీరియం నీళ్ల వైపు, వేడిగా ఉన్నప్పుడు వాయువు వైపు ఎక్కువగా మొగ్గుతుంది. ఆ మొగ్గును మళ్లీ మళ్లీ వాడుకుంటూ పోతే భారజలం చిక్కుతుంది. లీటరు మామూలు నీళ్లు కిలో తూగితే ఇది కిలోకు పైన మరో వంద గ్రాములు తూగుతుంది. 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. దీని అవసరం అణు రియాక్టర్లలో. సహజ యురేనియంలో విచ్ఛిత్తికి పనికొచ్చే 235 రకం వెయ్యికి ఏడు పాళ్లే. ఆ కాస్తతో రియాక్టర్ నడవాలంటే న్యూట్రాన్ల వేగం తగ్గించాలి, వాటిని మింగేయకూడదు. మామూలు నీళ్లు వేగం తగ్గిస్తాయి గానీ కొన్నిటిని మింగుతాయి. భారజలం మింగడం చాలా తక్కువ.

మణుగూరులోనే ఆక్సిజన్-18 నీళ్లూ తయారవుతాయి. ఆక్సిజన్-18లో 8 ప్రోటాన్లు, 10 న్యూట్రాన్లు. సైక్లోట్రాన్ అనే యంత్రంలో వేగం పెంచిన ఒక ప్రోటాన్‌తో కొడితే అది లోపలికి చేరి, ఒక న్యూట్రాన్ బయటికి పోతుంది. ప్రోటాన్లు 9, న్యూట్రాన్లు 9. అంటే ఇప్పుడది ఆక్సిజన్ కాదు, ఫ్లోరిన్-18. దాన్ని చక్కెరలాంటి పదార్థానికి తగిలించి క్యాన్సర్ రోగికి సూదిమందుగా ఇస్తారు. కణితి దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, పెట్ స్కాన్‌లో మెరుస్తుంది. రెండు గంటలు తిరక్కముందే అందులో సగం మళ్లీ ఆక్సిజన్-18 అయిపోతుంది. ఈ ఒక్క ఉదాహరణలో పాఠమంతా ఉంది: ప్రోటాన్ మారితే మూలకం మారింది, న్యూట్రాన్ మారితే ఐసోటోపు మారింది.

ఇంత ఉన్న విషయాన్ని మన పరీక్షలు ఏం చేస్తున్నాయి? "ఐసోటోపులను నిర్వచింపుము" అంటాయి. పిల్లలు గడగడా రాసేస్తారు. వాళ్లనే క్లోరిన్-37లో న్యూట్రాన్లెన్ని అని అడగండి, చాలామంది దిక్కులు చూస్తారు. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది.

ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి నిర్వచనం అడక్కండి. రాగి పరమాణు ద్రవ్యరాశి 63.5 అని, దానికి 63, 65 అనే రెండు స్థిరమైన ఐసోటోపులే ఉన్నాయని చెప్పి, ప్రకృతిలో ఏది ఎక్కువగా ఉంటుంది, ఎందుకని అనుకుంటున్నావు అని అడగండి. దానికి రెండు మార్కులు ఇవ్వండి.