తీరప్రాంతపు సర్వర్లు: దోషశోధనా సంప్రదాయము

పెన్నానది సముద్రమున గలియు తావునుండి దక్షిణముగా, కృష్ణపట్నము రేవును దాటి, పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట వరకు సాగిన నెల్లూరు తీరము, 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 రాకెట్టు అచ్చటనుండి నింగి కెగసిన నాటినుండి శాస్త్రవిజ్ఞానమునకు నెలవైనది. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలో చేరినను, ఈ తీరమంతట వీచు గాలి యొక్కటియే, భయపెట్టు ఋతువొక్కటియే. 1984 నవంబరున శ్రీహరికోట చెంత తీరము దాటిన తుపాను మొదలు 2023 డిసెంబరునాటి మిచాంగ్ వరకు, ఈశాన్య ఋతుపవనకాల మిచ్చటి ప్రజలను పరీక్షించుచునే యున్నది. నేడు రేవుల రాకపోకలును, రొయ్యల వ్యాపారపు లెక్కలును, ఆసుపత్రుల రికార్డులును సర్వర్ల డిస్కులలో నిలువయుండుటచే, ఆ పరీక్ష యంత్రములకును సంక్రమించినది. ఉప్పుగాలి లోహపు మొనలను తినివేయును. గాలివాన విద్యుత్తును హఠాత్తుగా నాపివేయును. అట్టి తావున యంత్రమును నెలకొల్పుటకంటె, నిలిచిపోయిన యంత్రమున దోషమెచ్చట నున్నదో నెమ్మదిగా కనుగొనుట గొప్ప విద్య.

ఈ విద్యకు మూలము 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ గారలు ఆరంభించిన యూనిక్స్. డిస్కును సైతము ఫైలువలెనే తెరచి చదువ వీలుండుటయు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ఉపకరణముండుటయు దాని లక్షణములు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు ఆ బాటనే నడచినది. అందువలన సర్వరు క్రమము తప్పక యడిగినవారికి తన స్థితిని చాలవరకు చెప్పును. పెన్న ఆయకట్టులో చివరి మడికి నీరందనప్పుడు, అనుభవజ్ఞుడైన రైతు మడిని త్రవ్వుచు కూర్చుండక, పంటకాలువ వెంబడి తూము వరకు నడచి నీరెచ్చట ఆగినదో చూచును. నిర్వాహకుని మార్గమును అదియే. అప్లికేషను, ఫైల్ సిస్టమ్, పలు డిస్కులను ఒక్కటిగా కూర్చు రెయిడ్, డిస్కు, కేబులు అను మెట్లలో ఏ మెట్టు వరకు క్షేమమో తేల్చనిదే దేనిని మార్పరాదు.

కరెంటు పోయి వచ్చిన పిమ్మట ఒక ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ చదువనిచ్చుచు, వ్రాయనీయకున్న దనుకొందము. లోపము కనబడినంతనే మరింత చెరుపు జరుగకుండ అట్లు ముడుచుకొనునట్లు దానిని అమర్చియుందురు. తొందరపాటువాడు దానిని బలవంతముగా వ్రాతకు తెరచును. వివేకి మొదట డీమెసేజ్ కమాండుతో కెర్నెల్ పలికిన మాటలను చదివి, పిదప స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యమును విచారించును. అందు 197వ అంశపు లెక్క పెరుగుచున్నచో చదువ వీలుగాని సెక్టార్లు పోగగుచున్నవని యర్థము. 199వది పెరుగుచున్నచో తప్పు సాధారణముగా కేబులుదో, దాని మొనదో యగును. ఈ భేద మెరుగనివారు మంచి డిస్కులను పారవైచి తుప్పుపట్టిన కేబులును నిలుపుకొందురు. డిస్కే క్షీణించుచున్నచో, డీడీరెస్క్యూతో దాని ప్రతిని వేరొక డిస్కుపైకి దింపి, ఆ ప్రతిమీదనే మరమ్మతు చేయవలెను. వ్రాతకు మౌంటైయున్న ఫైల్ సిస్టమ్‌పై ఎఫ్‌ఎస్‌సీకే నడుపుట, మిగిలిన దానిని కూడ చెరచుకొనుటయే.

స్థలము చాలదను ఫిర్యాదు మరియొకటి. డీఎఫ్ కమాండు సగము ఖాళీయని చూపుచున్నను కొత్త ఫైలు పుట్టకున్నచో, ఒక్కొక్క ఫైలుకు ఒక్కొక్కటి చొప్పున కావలసిన ఐనోడ్లు నిండినవేమో చూడవలెను. ఈఎక్స్‌టీ4లో వాని సంఖ్య ఫైల్ సిస్టమ్‌ను సృష్టించునాడే నిర్ణయమగును గనుక, లక్షలకొలది చిన్న ఫైళ్లు వానిని హరించును. డీయూ కమాండు లెక్కకును డీఎఫ్ లెక్కకును పొంతన కుదరకున్నచో, తొలగించిన లాగు ఫైలును ఏదో ప్రాసెస్ ఇంకను తెరచి పట్టుకొని యుండవచ్చును. ఎల్‌ఎస్‌ఓఎఫ్ దానిని చూపును. ఆ సర్వీసును తిరిగి ప్రారంభించినంతనే స్థలము విడుదల యగును.

అన్నిటికంటె సూక్ష్మమైనది నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అనగా ఎన్‌ఎఫ్‌ఎస్. దీనిని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు రూపొందించిరి. సర్వరు పడిపోవుట సహజమని ముందే యెంచి, క్లయింటు జవాబు వచ్చువరకు మరల మరల అడుగునట్లు వారు దానిని నిర్మించిరి. కరెంటు పోవు ప్రాంతమునకు ఇది యెంతయో హితమైన భావన. హార్డ్ మౌంట్ నందు సర్వరు రానంతవరకు ప్రోగ్రాములు వేచియుండుటయు, సీపీయూ ఖాళీగా నున్నను లోడ్ అంకె పెరుగుటయు ఇందువలననే. ఆ నిరీక్షణమునకు విసిగి సాఫ్ట్ మౌంట్‌కు మారినవారు, వ్రాయబడినదనుకొన్న సమాచారము వ్రాయబడకపోవు ప్రమాదమును కొనితెచ్చుకొందురు. కావున మొదట పింగ్, పిదప 2049వ పోర్టు, ఆ పిదప ఎక్స్‌పోర్టుల జాబితా అను వరుసను చూడవలెను. చిన్న డైరెక్టరీ కనబడుచు, పెద్ద ఫైలు చదువబోగానే స్తంభించినచో, మార్గమధ్యమున ఏ స్విచ్ యొక్క ఎంటీయూ, అనగా ఒక్క ప్యాకెట్టు గరిష్ఠపు కొలతయో మిగిలినవానితో సరిపోలుటలేదని అనుమానింపవలెను. యజమాని పేర్లు తారుమారైనచో, రెండు యంత్రములలోను యూజర్ సంఖ్యలను పోల్చి చూడవలెను.

ఈ సంప్రదాయపు విలువ ఉపకరణములలో కంటె దాని నీతిలో నున్నది. చూచుట ముందు, ముట్టుట తరువాత. ఒకసారి ఒక్క మార్పే. చేసిన ప్రతి పనిని పుస్తకమున వ్రాయుట. డిస్కుపై నున్నది పరుల కష్టార్జితము, పరుల నమ్మకము. దానిపై తొందరపడు హక్కు నిర్వాహకునకు లేదు. ఈ తీరమున సర్వర్లను కాచు యువకులకు నా విన్నప మొక్కటే. రెయిడ్ బ్యాకప్ కాజాలదని యెరిగి, యూపీఎస్ బ్యాటరీలను అక్టోబరుకు ముందే పరీక్షింపుడు. బ్యాకప్‌ను కనీస మొకసారి వేరొక యంత్రముపై తిరిగి నిలిపి చూడుడు. మీరు కనుగొన్న ప్రతి దోషమును తెలుగున వ్రాసి మీ తరువాతివారికి అందింపుడు.