లాగదు, తిప్పుతుంది

1581లో లండన్‌లో రాబర్ట్ నార్మన్ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన పండితుడు కాదు. ఏళ్ల తరబడి ఓడల మీద తిరిగి, తర్వాత దిక్సూచులు చేసి అమ్ముకున్న పనివాడు. ఆ పుస్తకంలో ఒక ప్రయోగం ఉంది. భౌతికశాస్త్రంలో అంత పొదుపైన, అంత అందమైన ప్రయోగాలు నేనెరిగినంతలో చాలా కొద్ది.

ఒక తీగముక్కను బెండులో గుచ్చాడు. అది నీటిపైకి తేలకుండా, అడుగుకు మునగకుండా నీళ్ల నడుమ నిలిచేదాకా బెండును కొద్దికొద్దిగా చెక్కాడు. అప్పుడు తీగకు సూదంటురాయి తాకించి మళ్లీ నీళ్లలోకి వదిలాడు. తీగ ఉత్తరానికి తిరిగింది. ఒక కొన కిందికి వంచింది. లండన్‌లో ఆ వంపును ఆయన 71 డిగ్రీల 50 నిమిషాలుగా కొలిచాడు (భూమధ్యరేఖకు దగ్గరైన మన నేల మీద అదే తీగ చాలా తక్కువగా వంగుతుంది). అంతే. పాత్ర అంచుకు జరగలేదు, అడుగుకు దిగలేదు, పైకి లేవలేదు. ఉన్నచోటే ఉండి, తిరిగింది.

సూదిని ఉత్తరాన ఏదో లాగుతోందని ఎందరో నమ్మిన కాలం అది. లాగితే రావాలి కదా! తీగ రాలేదు. న్యూటన్ ఇంకా పుట్టని రోజుల్లో, బలానికి ఒక నిర్వచనమైనా లేని రోజుల్లో, ఒక పాత్రెడు నీళ్లు లాగడానికీ తిప్పడానికీ ఉన్న తేడా చూపించాయి.

పాత్ర చిన్నది, భూమి పెద్దది. అందుకే పాత్ర మేరకు భూమి అయస్కాంత క్షేత్రం ఏకరీతిగా ఉన్నట్టే. క్షేత్రం తీగ ఒక ధ్రువాన్ని ఎంత బలంతో అటు నెడుతుందో, రెండో ధ్రువాన్ని సరిగ్గా అంతే బలంతో ఇటు నెడుతుంది. కూడితే సున్నా. కానీ ఆ రెండు బలాలూ ఒకే గీత మీద లేవు. సైకిల్ హ్యాండిల్‌ను ఒక చేత్తో ముందుకు నెట్టి రెండో చేత్తో వెనక్కి లాగినట్టు, ఆ జంట తీగను తిప్పుతుంది. దీన్నే బలయుగ్మం అంటాం. దాని టార్క్ (తిప్పే సామర్థ్యం) విలువ ఎమ్ బి సైన్ తీటా: ద్విధ్రువ భ్రామకం (రెండు ధ్రువాల ఆ అయస్కాంతం ఎంతటిదో చెప్పేది), క్షేత్ర తీవ్రత, వాటి మధ్య కోణపు సైన్. మూడంటే మూడే. ద్విధ్రువం ఎక్కడుందో చెప్పే అక్షరం అందులో లేదు. నన్ను కట్టిపడేసేది ఆ లేకపోవడమే. ఏకరీతి క్షేత్రంలో ఒక చోటుకూ మరో చోటుకూ తేడా లేదు, కాబట్టి ఎక్కడికైనా వెళ్లడానికి కారణమూ లేదు. అక్కడ ఉన్నది దిక్కు ఒక్కటే.

సూది అడ్డంగా, 90 డిగ్రీల్లో ఉన్నప్పుడు టార్క్ గరిష్ఠం. క్షేత్రం వెంట ఉంటే సున్నా. పూర్తిగా ఎదురు తిరిగి ఉన్నా సున్నాయే! కానీ ఆ ఎదురు నిలకడ అతి సున్నితం. వెంట్రుకవాసి కదిలినా సూది తిరిగిపోతుంది. ఇంకో సంగతి. సూదిని ఊరుకోబెట్టేది క్షేత్రమని అనుకుంటాం. కాదు. ఘర్షణే లేకపోతే సూది ఉత్తరాన్ని దాటిపోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ దాటుతుంది, ఎన్నటికీ ఆగదు. నార్మన్ తీగకు విశ్రాంతినిచ్చింది నీరు.

ఆ ఊగులాటనే 1832లో గాటింగెన్‌లో గాస్ కొలమానం చేశాడు. అయస్కాంతం ఊగే కాలాన్ని బట్టి దాని భ్రామకం, భూక్షేత్రం రెండింటి లబ్ధం దొరుకుతుంది. అదే అయస్కాంతం పక్కనున్న మరో సూదిని ఎంత మళ్లిస్తుందో చూస్తే వాటి నిష్పత్తి దొరుకుతుంది. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే అయస్కాంతం బలం లెక్కలోంచి తప్పుకుంటుంది, భూమి క్షేత్రం మిగులుతుంది. చేతిలోని అయస్కాంతం ఎంతటిదో తెలియకుండానే భూమిని కొలవడం! ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ప్రోటాన్ దగ్గర ఇదే టార్క్ మరో రూపం ఎత్తుతుంది. దానికి భ్రామకంతో పాటు స్పిన్ (సహజ కోణీయ ద్రవ్యవేగం) కూడా ఉంది. అందుకే టార్క్ దాన్ని క్షేత్రం వైపు వాల్చలేదు, క్షేత్రం చుట్టూ తిప్పుతుంది. ఒక టెస్లా క్షేత్రంలో సెకనుకు సుమారు 4.26 కోట్ల చుట్లు. దిక్సూచి సూదిని బాగా పక్కకు లాగి వదిలితే, కొద్దిగా లాగినప్పటికంటే నెమ్మదిగా ఊగుతుంది. ప్రోటాన్‌కు ఆ భేదం లేదు, ఎంత వాలినా అదే వేగం. క్షేత్రం ఎంతో, ఆ వేగం అంత.

ఎమ్మారై యంత్రం నిలబడింది ఈ గుణం మీదే. దాని పెద్ద అయస్కాంతం ఇచ్చే క్షేత్రాన్ని వీలైనంత ఏకరీతిగా ఉంచడానికి ఇంజినీర్లు ఎంతో శ్రమిస్తారు. కానీ అది పూర్తిగా ఏకరీతిగా ఉంటే ఒంట్లోని ప్రోటాన్లన్నీ దాదాపు ఒకే శ్రుతిలో తిరుగుతాయి, ఏది మెదడులోదో ఏది మెడలోదో తెలియదు. అందుకని ఆ సమతలానికి కావాలనే, లెక్క ప్రకారం, ఒక చిన్న వాలు కలుపుతారు. అప్పుడు చోటుచోటుకీ శ్రుతి మారుతుంది. ఆ మార్పును చదివి, ఏ సంకేతం ఒంట్లో ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చి, యంత్రం బొమ్మ గీస్తుంది.