పట్టకారు తుపాకీ అయినప్పుడు

రెండు కథల్లోనూ పిల్లవాడు జేబులో చిల్లరతో సంతకు వెళ్తాడు. ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’ (1933)లో హమీద్ దగ్గర ఉన్నది మూడు పైసలు. జేమ్స్ జాయిస్ ‘డబ్లినర్స్’ (1914) సంపుటిలోని ‘అరబీ’ కథలో పేరులేని కుర్రాడి గుప్పిట్లో ఒక ఫ్లోరిన్, అంటే రెండు షిల్లింగులు. మూడు పైసలవాడు గెలిచి వస్తాడు, రెండు షిల్లింగులవాడు చీకట్లో ఉత్త చేతులతో నిలబడతాడు. ఇది కలిగినవాడికీ లేనివాడికీ ఉన్న తేడా కాదు. పోలికలు ఎవరి నోట పుట్టాయన్నదే ఇక్కడ తేడా.

‘అరబీ’లో పోలికలు ఎక్కువగా గుడి నుంచి వచ్చినవే. కుర్రాడు శనివారం సాయంత్రం పిన్నితో బజారుకు వెళ్తాడు. మోసేది సరుకుల పొట్లాలు. తాగుబోతుల మధ్య, బేరాల కేకల మధ్య నడుస్తుంటే, శత్రువుల గుంపులోంచి పూజాపాత్రను భద్రంగా తీసుకుపోతున్నట్టు ఊహించుకుంటాడు. స్నేహితుడు మాంగన్ సోదరి మీద మోజుకు భక్తి వేషం వేసిన రూపకం ఇది. ఆమె మాట తగిలితే అతని ఒళ్ళు వీణలా మోగుతుంది. ఇంత ఎత్తుకు ఎక్కించిన పోలికను జాయిస్ చివర్లో ఎలా దించాడో చూడాలి. ఆలస్యంగా చేరిన సంతలో దాదాపు అన్ని దుకాణాలూ మూసేశారు. ప్రార్థన అయిపోయిన గుడిలో ఉండే నిశ్శబ్దం. అక్కడ ఇద్దరు మనుషులు పళ్ళెంలో డబ్బులు లెక్కపెడుతున్నారు. పూజాపాత్ర పోయి చిల్లర పళ్ళెం మిగిలింది.

ఆ కుర్రాడున్న వీధి చివర మూసుకుపోయిన వీధి. ఇంగ్లీషులో దాన్ని ‘గుడ్డి’ వీధి అంటారు. తెలుగులో ‘మూసుకుపోయిన సందు’ అనగానే ఆ గుడ్డితనం జారిపోతుంది. మొదటి వాక్యంలోని ఆ గుడ్డితనమే ఆఖరి వాక్యంలో కళ్ళు మండడంగా తేలుతుంది కాబట్టి అనువాదకుడికి ఇది చిన్న నష్టం కాదు. అయినా ఈ అల్లిక పిల్లవాడిది కాదు. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటున్న గొంతుది. పిల్లవాడు ఆ పోలికల్లో చిక్కుకుని ఉన్నాడు, అంతే.

హమీద్ సంగతి వేరు. మహమూద్, మోహసిన్ మట్టిబొమ్మలు కొన్నారు: సిపాయి, నీళ్ళు మోసే భిస్తీ. నూరే లాయరు బొమ్మ కొన్నాడు. హమీద్ కొన్నది ఇనుప పట్టకారు. మిగతావాళ్ళు నవ్వితే ఊరుకోడు. భుజాన పెట్టుకుంటే తుపాకీ, చేతిలో పట్టుకుంటే ఫకీరు చిమ్టా, వాయిస్తే తాళాలు, చివరికి ‘రుస్తుమే హింద్’! ఇక్కడ రూపకం వర్ణన కాదు, వాదం. మట్టికీ ఇనుముకూ మధ్య జరిగే పోటీలో లేమిని మాటలతో గెలుస్తున్నాడు. తెనాలి రామకృష్ణుడి చమత్కారం మీద పెరిగిన మనకు ఈ రుచి కొత్త కాదు. గెలిచాక సావాసగాళ్ళు తమ బొమ్మలిస్తామంటూ పట్టకారు కోసం బతిమాలతారు. ఒక పూటకైనా వస్తువు విలువను పోలిక మార్చేసింది.

అసలు నైపుణ్యం తర్వాత ఉంది. ఇల్లు చేరి నాయనమ్మ అమీనా ముందు నిలబడ్డప్పుడు హమీద్ నోట ఒక్క పోలికా రాదు. తుపాకీ లేదు, రుస్తుమూ లేడు. ఆమె కోప్పడితే తప్పు చేసినవాడిలా, పెనం మీద నీ వేళ్ళు కాలుతున్నాయని కొన్నాను అంటాడు. అంత మాటకారి ఒక్కసారిగా మామూలు మాటకు దిగడం చూస్తే నాకు జాయిస్ వీణ కూడా వెలవెలబోయినట్టుంటుంది. ఆ తర్వాత ప్రేమ్‌చంద్ కలగజేసుకుని పిల్లవాడు ముసలివాడయ్యాడనీ, ముసలమ్మ పసిపిల్ల అయిందనీ వివరించాడు. పాఠకుడికి అప్పటికే తెలిసిన సంగతి అది. అమీనా కన్నీళ్ళ ముందు అలంకారం వద్దని హమీద్‌కు తోచింది, రచయితకు తోచలేదు.