కిటికీ ఎంత తెరుచుకుంటుంది?

విశాఖపట్నంలో ముప్పై నలభై ఏళ్ళ కిందట కట్టిన డాబా ఇళ్ళకు ఇప్పుడు వరసగా కిటికీలు మారుస్తున్నారు. పెదవాల్తేరు, సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, ఎటు వెళ్ళినా గోడకు ఆనించిన పాత టేకు చట్రాలు, పక్కనే ప్లాస్టిక్ కవరు చుట్టిన తెల్లటి యూపీవీసీ కిటికీలు కనిపిస్తాయి. పాత ఇళ్ళ మరమ్మతు పనుల్లో తిరిగేవాణ్ణి కాబట్టి, ఏ కంపెనీది మంచిదండీ అని నన్ను చాలామంది అడుగుతారు. దానికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఇప్పుడున్న కిటికీతో మీకు వచ్చిన ఇబ్బంది ఏమిటి? వానాకాలంలో రెక్క ఉబ్బి పట్టేస్తోందా, దోమలా, రోడ్డు మీది మోతా, పడమటి ఎండా? వీటన్నిటికీ ఒకే కిటికీ జవాబు కాదు.

ఎక్కువమంది తీసుకునేది స్లైడింగ్. దాని సుఖం దానికుంది. రెక్కలు బయటికీ లోపలికీ రావు, కర్టెన్లకు అడ్డం కాదు, గ్రిల్‌తో పేచీ ఉండదు, దోమతెర మూడో ట్రాక్‌లో ఇమిడిపోతుంది. కానీ రెండు అద్దాల స్లైడింగ్‌లో ఒక అద్దాన్ని జరిపితే అది రెండోదాని వెనక్కి చేరుతుంది, అంతే. తెరుచుకునేది ఎప్పుడూ సగమే. పన్నెండుకి పది పడకగది తీసుకోండి, 120 చదరపు అడుగులు. కిటికీ నాలుగుకి నాలుగు. పాత రెక్కలు బార్లా తీస్తే గాలికి దాదాపు 16 చదరపు అడుగుల దారి ఉండేది. అదే కంతలో స్లైడింగ్ పెడితే 8. చట్రం మందం పోను ఇంకా తగ్గుతుంది, దోమతెర వేస్తే ఆ వచ్చే గాలి కూడా మందగిస్తుంది.

నివాస భవనాల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఈ తెరుచుకునే భాగాన్నే లెక్కకు తీసుకుంటుంది. విశాఖ లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో అది ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం ఉండాలంటుంది. హైదరాబాద్ ఉన్న వాతావరణ మండలానికి 12.5 శాతం. అది కొత్త భవనాలకు రాసిన నియమం, లెక్క కూడా ఇల్లు మొత్తానిది. అయినా మన గదికి వేసి చూస్తే 20 చదరపు అడుగులు రావాలి. పాత కిటికీ ఆ దరిదాపుల్లో ఉండేది, కొత్తది సగానికి కూడా రాదు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి చల్లగాలి తిరిగే ఊళ్ళో డబ్బిచ్చి మరీ ఆ గాలిని ఆపుకోవడం నాకు బాధగా ఉంటుంది. యూపీవీసీలోనే రెక్కలు తెరుచుకునే రకం ఉంది. ధర కాస్త ఎక్కువ, కానీ ముందు దాన్ని అడగండి.

ఇక పాత టేకు. పెదవాల్తేరులో ఒకావిడ ఇంట్లో కిటికీలన్నీ తీసేయాలని నిశ్చయమైపోయింది. ముదురు వయసు వడ్రంగి ఒకాయన వచ్చి స్క్రూడ్రైవరు మొనతో చట్రాన్ని పైనుంచి కిందికి గుచ్చుకుంటూ వచ్చాడు. పైనా పక్కలా మొన దిగలేదు. అడుగున, నీళ్ళు నిలిచే మూలల్లో మాత్రం పెయింటు పొర కింద చెక్క మెత్తగా రాలింది. "చట్రానికేం కాలేదమ్మగారూ, అడుగు ముక్కొకటీ కోసి అతుకేస్తే సరిపోద్ది. ఈ కర్ర మళ్ళీ దొరకదు" అన్నాడు. చివికినంత మేరా ఏటవాలుగా కోసి, పాత తలుపు నుంచి తీసిన టేకు ముక్కను అతికి, చెక్క చీలలు కొట్టాడు. తుప్పు పట్టిన మడతబందులు మార్చి, రెక్క ఆనేచోట రబ్బరు బీడింగు అంటించాక కిటికీ చక్కగా మూసుకుంది. చట్రం చెదలు తినేసి, తడితే డొల్లగా మోగితే దాన్ని మార్చాల్సిందే. కానీ ఆ పరీక్ష చేయకుండానే వందల కొద్దీ మంచి చట్రాలు పాత కర్రల అడితీలకు పోతున్నాయి.

ఎండకు డబుల్ గ్లాస్ వేయించమంటారు. రెండు అద్దాల మధ్య గాలి పొర ఏసీ గదికి మేలు చేస్తుంది, నిజమే. నేరుగా పడే పడమటి ఎండను మాత్రం మామూలు తెల్ల అద్దం రెండు పొరలైనా చాలావరకు లోపలికి వదులుతుంది. ఎండను అద్దం దాకా రానివ్వకూడదు. దానికి బయట సజ్జ పొడిగించడమో, వెదురు తెర వేయడమో దారి. రోడ్డు మోత సంగతి వేరు. స్లైడింగ్‌లో రెక్కల సందుల్ని మూసేది కుచ్చు బ్రష్షే, శబ్దం దాన్ని దాటి వచ్చేస్తుంది. రెక్కల కిటికీలో హ్యాండిల్ తిప్పితే రెక్క రబ్బరు గ్యాస్కెట్‌ను అదిమి పడుతుంది. దానికి లామినేటెడ్ అద్దం తోడైతే తేడా తెలుస్తుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం బిగింపు. షాపులో చూపించే నమూనా ముక్క ఎంత బాగున్నా, నీళ్ళు కారేది కిటికీకీ గోడకీ మధ్య సందులోంచే. కొలతకు వచ్చినతను వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, మూల నుంచి మూలకు రెండువైపులా టేపు పెట్టాలి. పాత గోడ కంత ఏదీ సరిగ్గా చదరంగా ఉండదు. ఒక్కసారి టేపు లాగి రాసుకుని వెళ్ళిపోతే ఊరుకోకండి. ఎండకు యూపీవీసీ సాగుతుంది కనుక చుట్టూ కొద్దిగా సందు వదిలి, ఫోమ్ నింపి, బయటివైపు సిలికాన్ పట్టించాలి. దుమ్ము తుడవకుండా పట్టించిన సిలికాన్ ఒక ఎండాకాలానికే పెచ్చుగా లేస్తుంది. ట్రాక్ అడుగున బయటివైపుకు చిన్న రంధ్రాలుంటాయి, వాన నీళ్ళు పోవడానికి. సిమెంటుతో అంచులు సరిచేసే మేస్త్రీ వాటిని తెలియక పూడ్చేస్తుంటాడు. ఇక ఆ ఇంట్లో ప్రతి వానకీ గుడ్డలు పిండటమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో ఈ ఊరి మీద పడినప్పుడు ఎన్ని అపార్ట్‌మెంట్ల అద్దాలు పగిలాయో చూసినవాళ్ళం. అందుకే యూపీవీసీ గొట్టం లోపల గాల్వనైజ్డ్ ఉక్కు పట్టీ ఉందో లేదో చూడమంటాను. గట్టి అయస్కాంతం పెడితే చట్రానికి అంటుకుంటుంది. అద్దం టఫెన్డ్ కావాలి, ఒక మూల దాని ముద్ర ఉంటుంది. టఫెన్ చేశాక అద్దాన్ని కోయడం కుదరదు, కాబట్టి కొలత తప్పితే కొత్త అద్దమే. సముద్రానికి దగ్గరైతే హ్యాండిళ్ళు, స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, చవకరకం ఉప్పుగాలికి త్వరగా తుప్పు మచ్చలేస్తుంది.

గ్రిల్ మాట ముందే తేల్చుకోవాలి. పాత చట్రంతో పాటే ఊచలూ పోతాయి. బయటికి తెరుచుకునే రెక్కకు గ్రిల్ లోపలివైపు రావాలి, హ్యాండిల్ అందేలా చెయ్యి దూరే సందు ఉండాలి. ఇంట్లో కనీసం ఒక గ్రిల్ లోపలినుంచి తీసుకునేలా పెట్టించండి, నిప్పు అంటుకున్నప్పుడు అదే దారి.

చదరపు అడుగు రేటు చెప్పి వదిలేస్తే ఒప్పుకోకండి. అద్దం మందం, ఉక్కు పట్టీ, దోమతెర, పాత చట్రం ఊడదీత, దెబ్బతిన్న ప్లాస్టరు, గ్రానైటు పని, అన్నీ కాగితం మీద రాయించండి. ఆఖరి విడత డబ్బు ఇచ్చేముందు బయటినుంచి పైపుతో పదినిమిషాలు నీళ్ళు కొట్టించి, లోపలి మూలల్లో చేత్తో తడిమి చూడండి. ఈ పనంతా మే నెలాఖరుకల్లా ముగించుకుంటే, ఏదైనా కారితే అక్టోబరు తుపాన్ల లోపు సరిచేయించుకునే వ్యవధి ఉంటుంది.