క్షమాభిక్ష ఫైలును విప్పి చూసిన తీర్పు

ఆగస్టు 15 దగ్గర పడుతోందంటే జైళ్లలో అందరి చెవులూ శిక్ష తగ్గింపు (రెమిషన్) జీవో కబురు మీదే ఉంటాయి. పెరోల్ గురించి ఇంత ఆరాటం ఉండదు. తల్లికి బాగాలేదనో, చెల్లెలి పెళ్లనో కొద్దిరోజులు బయటికి పంపుతారు, గడువు తీరగానే వచ్చి లొంగిపోవాలి. శిక్ష మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. రెమిషన్ దొరికితే శిక్షే తరుగుతుంది. సత్ప్రవర్తనకు, జైల్లో చేసిన పనికి కలిసొచ్చే రోజులు కొన్ని. ప్రభుత్వం సీఆర్పీసీ 432 కింద తగ్గించేది మరికొంత. మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడితే మాత్రం 433ఏ అడ్డు నిలుస్తుంది: 14 ఏళ్లు నికరంగా లోపల గడపాల్సిందే. ఇప్పుడా సెక్షన్లు సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 473, 475గా మారాయి. వీటన్నిటికీ పైన రాజ్యాంగం 161వ అధికరణ కింద గవర్నర్ క్షమాధికారం ఉంది. దానికి ఆ 14 ఏళ్ల కట్టడి లేదు. అయితే గవర్నర్ మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలని 1980లో మారూరామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సలహా ఇచ్చేది మంత్రివర్గమైనప్పుడు అందులోకి పార్టీ లెక్కలు దూరితే అడిగేదెవరు? ఈ చిక్కును 2006 అక్టోబరు 11న ఏపూరు సుధాకర్ కేసు తీర్పు విప్పిన తీరు ముచ్చటగా ఉంటుంది.

కర్నూలు జిల్లా రాజకీయ నాయకుడొకరు హత్య కేసులో పదేళ్ల శిక్ష అనుభవిస్తున్నారు. ఇంకా దాదాపు ఏడేళ్లు మిగిలి ఉండగా, 2005 ఆగస్టులో గవర్నర్ క్షమాధికారం కింద ఆ మిగిలినదంతా రద్దు చేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఇచ్చింది. హతుడి కొడుకు నేరుగా సుప్రీంకోర్టుకెక్కాడు. జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్. కపాడియా విన్నారు. అమికస్ క్యూరీగా సోలీ సొరాబ్జీ సాయపడ్డారు.

గవర్నర్ అధికారం ఎంత అని తర్కిస్తూ కూర్చుంటే కేసు గాలిలోనే తేలిపోయేది. కోర్టు ఫైలు తెప్పించి కాగితాలు చదివింది. అందులోని జిల్లా అధికారుల నివేదికల్లో ఖైదీ ‘మంచి కాంగ్రెస్ కార్యకర్త’ అన్న మాట కనిపించింది. ప్రత్యర్థుల రాజకీయ కుట్ర ప్రస్తావనా ఉంది. క్షమాభిక్షకు ఈ రెండింటితో ఏం పని? జిల్లా స్థాయిలో అలవాటుగా రాసి పంపిన ఇలాంటి మాటలే ఏడేళ్ల మాఫీని కూల్చేశాయి. ఆఫీసుల్లో నోట్ ఫైళ్లు రాసేవాళ్లు ఈ ఒక్క భాగమైనా చదవాలి.

దీనికి కోర్టు వాడిన కొలబద్ద ఐదు ప్రశ్నలు. ఉత్తర్వు బుర్ర పెట్టకుండా ఇచ్చారా? దురుద్దేశం ఉందా? సంబంధం లేని విషయాలు లెక్కలోకి వచ్చాయా? చూడాల్సినవి చూడకుండా దాచారా? ఇష్టారాజ్యంగా చేశారా? ఖైదీ దయకు అర్హుడా కాదా అన్న ప్రశ్న ఈ ఐదింటిలో ఎక్కడా లేదు, పనితనమంతా అక్కడే ఉంది. దయ చూపడం గవర్నర్ వంతుగానే మిగిలింది. ఆ దయ దగ్గరికి ఏ దారిన వచ్చారన్నదే కోర్టు తూచింది. నాలుగో ప్రశ్న నాకు మరీ నచ్చుతుంది. ఫైల్లో చేరిన చెత్త ఎవరికైనా కనబడుతుంది, ఫైలుకు ఎక్కనివ్వని కాగితం కోసం వెతకాలంటే ఆఫీసుల పోకడ బాగా తెలిసుండాలి.

మరో సాకునూ కోర్టు సాగనివ్వలేదు. గవర్నర్ కారణాలు చెప్పనక్కర్లేదు, నిజమే. చెప్పనక్కర్లేదు కాబట్టి అసలు సరైన కారణాలే ఉండనక్కర్లేదంటే కుదరదంది.

తీర్పు అంతా ఒకే ఎత్తులో లేదు. మొదటి భాగం నిర్వచనాలతో, విదేశీ ఉదాహరణలతో బరువెక్కింది. అవసరానికి మించి అని నాకనిపిస్తుంది. జస్టిస్ కపాడియా విడిగా రాసిన చిన్న భాగమే సూటిగా ఉంది. శిక్ష తగ్గించేముందు ఖైదీ మేలు ఒక్కటే చూడకూడదు, హతుల కుటుంబాల మీదా, సమాజం మీదా పడే ప్రభావం చూడాలి, రేపు ఇదే ఉదాహరణగా నిలుస్తుందని గుర్తుంచుకోవాలి అంటారాయన. శిక్ష తగ్గించే ఫైల్లో ఖైదీ ప్రవర్తనకు, ఆరోగ్యానికి, కుటుంబ పరిస్థితికి చోటుంటుంది. హతుడి ఇంటివాళ్ల ఊసుకు అంత చోటెక్కడిది? పిటిషన్ వేసింది ఆ ఇంటి కొడుకే కాబట్టి ఆ మాట ఇక్కడ అతికినట్టు సరిపోయింది.

ఆఖరికి జీవో కొట్టేశారు. అంతటితో ఆగి, ఆ వినతి ఇంకా పెండింగ్‌లో ఉన్నట్టే తీసుకుని మళ్లీ పరిశీలించవచ్చని వదిలారు. కోర్టు తానే ‘ఇతనికి క్షమ లేదు’ అని ఉంటే గవర్నర్ కుర్చీలో తాను కూర్చున్నట్టయ్యేది.