పల్లవి ఊరిది, చరణం బిడ్డది: పశ్చిమ ప్రకాశంలో తల్లిదండ్రుల స్మృతిగీతాలు

వ్యాససంగ్రహం:
తల్లి లేదా తండ్రి మరణించినప్పుడు బిడ్డలు కట్టుకునే చిన్న పాటను తెలుగు విమర్శ స్వతంత్ర ప్రక్రియగా అంతగా పట్టించుకోలేదు. పెద్దదోర్నాల పరిసరాల్లో వినిపించే శోకం, తత్వం అనే రెండు మౌఖిక రూపాల నడుమ ఈ స్మృతిగీతానికి ఉన్న స్థానాన్ని, దాని మంచిచెడ్డలను నిర్ణయించే కొలమానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్మృతిగీతం, శోకం, తత్వం, సంబోధన, పల్లవి, నాయని సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం

పెద్దదోర్నాల నల్లమల అంచున, శ్రీశైలం ఘాట్ రోడ్డుకు ముఖద్వారంగా ఉన్న ఊరు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చేరాయి. అందువల్ల ఇక్కడి మాటలోనూ పాటలోనూ రాయలసీమ, నెల్లూరు సీమల పలుకుబడులు కలిసి వినిపిస్తాయి. తండ్రిని ‘నాయన’ అని పిలిచే పిలుపు ఇరువైపులా ఉన్నదే. స్మృతిగీతానికి ఈ పిలుపే మూలధాతువు. మరణించిన తల్లిదండ్రుల మీద కట్టిన పాటలో ఆ పిలుపు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది అన్నదే ఇక్కడి చర్చ.

2. శోకం: ఒక్కరికే తెలిసిన సంగతి

చావు ఇంట స్త్రీలు పెట్టే శోకాలకు ముందుగా రాసుకున్న పాఠం ఉండదు, తాళమూ ఉండదు. ఒక ఊపిరికి ఒక పాదం. అది పై స్థాయిలో మొదలై మెల్లగా కిందికి దిగి, ‘అమ్మా’ అనో ‘నాయనా’ అనో ఒక బంధువాచకం మీద ఆగుతుంది. పాదం నిడివిని నిర్ణయించేది ఛందస్సు కాదు, ఏడ్చే మనిషి ఊపిరి. ఆ పాదంలో ఉండేది పొగడ్త కన్నా సంగతే ఎక్కువ: చనిపోయిన మనిషి వాడిన వస్తువు, నడిచిన దారి, చివరిసారి అడిగిన మాట. శోకంలో మృతులు ఎప్పుడూ మధ్యమ పురుషలోనే ఉంటారు. వారితో మాట్లాడతారే గాని వారిని గురించి మాట్లాడరు.

తెలుగు వాడుక ఈ కళకు పెట్టిన పేరు గమనించదగినది. విద్వాంసుడు రాగం ఆలపిస్తాడు, ఏడ్చే ఆడమనిషి ‘రాగాలు తీస్తుంది’. మొదటి మాటలో గౌరవం ఉంది, రెండో మాటలో వెక్కిరింపు ఉంది. స్వరంతో దుఃఖాన్ని కట్టే పని ఒకటే అయినా, భాషే దాన్ని రెండు మెట్ల మీద నిలబెట్టింది. శోకాలను జానపద సాహిత్యంలో ఒక విభాగంగా లెక్కించిన పరిశోధన కూడా వాటిని కూర్పుగా, శిల్పంగా పరిశీలించడానికి వెనుకాడడంలో ఈ చిన్నచూపు పాలు కొంత ఉంది.

3. తత్వం: అందరికీ చెందే మాట

చావు ఇంటి రాత్రి, పెద్దకర్మ రాత్రి భజన బృందాలు పాడే తత్వాల స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. హార్మోనియం, మద్దెల, తాళాల నడుమ పల్లవిని ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటారు. బ్రహ్మంగారి సంప్రదాయపు తత్వాలు దేహం అశాశ్వతమని బోధిస్తాయి. పోయినవాడు ఎవరన్న ప్రశ్న అక్కడ ప్రస్తుతం కాదు. ఈ ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషను కాలం నుంచి వేళ్లూనిన క్రైస్తవ కుటుంబాల ఆదరణ కూడికల్లో పాడే పాటల తీరూ ఈ విషయంలో ఇదే. బోధించే విశ్వాసం వేరు గాని, దుఃఖాన్ని ఒక్కరి నుంచి తీసుకుని సమూహానికి పంచే పని ఒకటే. శోకం ఒంటరిది, తత్వం ఉమ్మడిది. శోకంలో ఇతరులు గొంతు కలపడం కష్టం. తత్వంలో ఆ తండ్రి ముఖం కనబడదు.

4. స్మృతిగీతం: నడిమి స్థానం

ఈ రెండింటికీ నడుమ ఉన్నది స్మృతిగీతం. దీనికి ఈ ప్రాంతంలోనే ఒక లిఖిత పూర్వరూపం ఉంది. భావకవి నాయని సుబ్బారావు (1899–1978) పొదిలిలో జన్మించారు. తల్లి స్మృతిలో ఆయన వెలయించిన కృతి పేరు ‘మాతృగీతాలు’. భావకవిత్వం ప్రేయసీ విరహానికి పెద్దపీట వేసిన కాలపు కవి తల్లిని కావ్యవస్తువుగా స్వీకరించడం ఒక విశేషమైతే, ఆ కృతికి ‘గీతాలు’ అని బహువచనంలో పేరు పెట్టడం మరొక విశేషం. తల్లిని గురించిన దుఃఖం ఏకధారగా సాగే కథ కాదనీ, విడివిడిగా వచ్చిపోయే తలపులకు విడివిడి గీతాలే తగిన రూపమనీ ఆ పేరు సూచిస్తుంది. శోకంలో ఊపిరి చేసే పనినే ఇక్కడ గీతపు పరిధి చేస్తున్నది.

కొడుకు ‘రాగాలు తీయడం’ లోకం ఒప్పని సమాజంలో, అతనికి ఏడ్వడానికి దొరికిన మర్యాదైన మార్గం రచన. ఆ కోణంలో మాతృగీతాలను స్త్రీల శోకానికి లిఖిత రూపంలో దగ్గరి బంధువుగా చదవవచ్చు. ఆయన కుమార్తె నాయని కృష్ణకుమారి (1930–2016) తెలుగు జానపద గేయగాథల మీద పరిశోధన చేయడంతో, లిఖిత గీతమూ మౌఖిక గేయమూ ఒకే ఇంట రెండు తరాల కృషిగా నిలిచాయి.

5. కొలమానం

మంచి స్మృతిగీతం తత్వం నుంచి పల్లవిని, శోకం నుంచి చరణాన్ని తీసుకుంటుంది. పల్లవి ఊరంతా అందుకోగలిగినదై ఉండాలి. చరణం ఆ బిడ్డ తప్ప మరొకరు చెప్పలేనిదై ఉండాలి. తండ్రి మార్కాపురం పలకల గనిలో పనిచేసినవాడైతే, బడిపిల్లల చేతికి పలకను అందించిన ఆ చేతులు అక్షరం దిద్దాయా లేదా అన్నది చరణం. తల్లి మిరపకోతకు వలస వెళ్లినదైతే, ఆమె చేతి మంట అన్నం ముద్దతో పాటు బిడ్డ నోటికి అందిన సంగతి చరణం. ‘కష్టజీవి’, ‘త్యాగమూర్తి’ అన్నవి చరణాలు కాలేవు. అవి ఎవరి తల్లిదండ్రులకైనా సరిపోయే బిరుదులు.

ఉమ్మడి పల్లవి సొంత స్మృతిని ఎంత లోతుగా దాచుకోగలదో చూడడానికి త్యాగరాజ కృతి ‘సీతమ్మ మాయమ్మ’ చక్కని ఉదాహరణ. వసంత రాగంలోని ఈ కృతిని విన్నవారందరికీ అది రామభక్తి. ఆ వాగ్గేయకారుని తల్లి పేరు సీతమ్మ అనీ, తండ్రి పేరు రామబ్రహ్మం అనీ ఎరిగిన శ్రోతకు అందులో మరో పిలుపు కూడా వినిపిస్తుంది. కవి ఉద్దేశం ఏదైనా, ఆ రెండు వినికిళ్లకూ కృతిలో చోటుంది.

మాటలు లేని సంగీతానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తల్లి 1865లో మరణించింది. ఆ ఏడాదే ఆయన కొమ్ము, వయొలిన్, పియానోల కోసం ఒక త్రయాన్ని కూర్చాడు. దాని విషాదభరితమైన విలంబ భాగాన్ని తల్లి స్మృతితో ముడిపెట్టి వినడం పరిపాటి. అప్పటికే మీటలున్న కొమ్ము వాడుకలోకి వచ్చినా, తాను చిన్ననాట నేర్చిన మీటలు లేని పాతరకం కొమ్మునే ఆయన కోరుకున్నాడు. చరణంలో మాట చేసే పనిని అక్కడ వాద్యం చేసింది.

6. వర్ధంతి పాటల పరిమితి

ఇటీవలి కాలంలో సంవత్సరీకానికో వర్ధంతికో ప్రత్యేకంగా పాట రాయించి, కీబోర్డు వరుసల మీద పాడించి, ఫొటోలతో వీడియోగా కుటుంబాల్లో పంచుకోవడం పెరిగింది. వలస వెళ్లిన బిడ్డలకు ఇది అవసరం కూడా. పాడె మోయడానికి సమయానికి చేరలేకపోయిన కొడుకు ఆ అప్పును పాటతో తీర్చుకోజూస్తాడు. దీన్ని ఆడంబరమని తీసిపారేయడం విమర్శ అనిపించుకోదు.

అయితే ఈ పాటల్లో తరచుగా ఒక జారుడు కనిపిస్తుంది. పల్లవిలో ‘నాయనా’ అని పిలిచిన గొంతు చరణంలోకి రాగానే ‘ఆయన’ అని వర్ణించడం మొదలుపెడుతుంది. సంబోధన పోయి జీవితచరిత్ర వస్తుంది. రాసేవాడు ఆ తండ్రిని ఎరగని వృత్తికవి అయినప్పుడు, అతనికి అందిన నాలుగు వివరాలు ఊరు, వృత్తి, సంతానం, మంచితనం మాత్రమే. ఫలితంగా పేరు మారిస్తే మరో ఇంటికి సరిపోయే పాట తయారవుతుంది. లోపం కీబోర్డులో లేదు, చరణంలో ఉంది. అదే ఇంట శోకం పెట్టిన అక్కనో మేనత్తనో అడిగి ఉంటే ఆ చరణం దొరికేది. ఆమె ‘రాగాలు’ కవిత్వమని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఆమెను అడిగినవారు లేరు.

7. ముగింపు

స్మృతిగీతాన్ని పరిశీలించే విమర్శ మూడు ప్రశ్నలతో మొదలుకావాలి. ఆ పాట మృతులతో మాట్లాడుతున్నదా, వారిని గురించి మాట్లాడుతున్నదా? పల్లవిని ఇతరులు అందుకోగలరా? చరణంలోని సంగతి మరో ఇంటికి సరిపోతుందా? ఈ ప్రశ్నలకు కొలమానం ఇచ్చినవి అలంకారశాస్త్ర గ్రంథాలు కావు, చావు ఇంటి గడపలో కూర్చుని శోకం పెట్టిన స్త్రీల గొంతులు. పల్లెల్లో ఆ గొంతులు మైకుల హోరులో తగ్గిపోతున్నాయి. అవి పూర్తిగా ఆగిపోతే కోల్పోయేది ఒక ఆచారం మాత్రమే కాదు. తల్లిదండ్రుల మీద పాట కట్టదలచిన రేపటి బిడ్డకు చరణం అందించే మనిషి కూడా ఉండదు.